పేరున్న డెంటల్ కాలేజీలో బీడీఎస్ చేస్తేనే ఎండీఎస్ సీటు, ప్రాక్టీసు వస్తాయా?

అలిపిరి_అమ్మ
మా పాపకు బీడీఎస్ (పళ్ళ డాక్టరు డిగ్రీ) సీటు రెండు చోట్ల వచ్చేలా ఉంది. ఒకటి తిరుపతిలోనే, కన్వీనర్ కోటాలో. ఇంటి నుంచే రోజూ వెళ్ళి రావచ్చు. రెండోది చెన్నైలో ఒక డీమ్డ్ యూనివర్సిటీ. ఫీజు, హాస్టలు కలిపితే ఏడాదికి 5 లక్షల పైనే ఎక్కువ పడుతుంది. చుట్టాలందరిదీ ఒకటే మాట: పేరున్న కాలేజీ కాకపోతే ఎండీఎస్ (బీడీఎస్ తర్వాతి పీజీ) సీటు రాదు, క్లినిక్ పెట్టినా పేషెంట్లు రారు అని. పాపకు ఆర్థో (వంకర పళ్ళు సరిచేసే బ్రాంచి) చేయాలని ఉంది. అమెరికా సంగతి కూడా అప్పుడప్పుడు ఎత్తుతుంది. ఈ ఫీల్డులో ఉన్నవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి. ఆప్షన్లు పెట్టడానికి ఎక్కువ రోజులు లేవు.

ఎండోఫైల్_25
సీటు విషయం వరకు జవాబు తేలికే. ఎండీఎస్ సీటు నీట్ ఎండీఎస్ ర్యాంకును బట్టి వస్తుంది. అందులో కాలేజీ పేరుకు ఒక్క మార్కు కూడా లేదు. ఇంటర్వ్యూ లేదు, సిఫార్సు లేఖ లేదు, బీడీఎస్ శాతం కలపరు. 240 ప్రశ్నలు, 3 గంటలు, 960 మార్కులు. ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1. ఒక్కో ప్రశ్నకు 45 సెకన్లు. పార్ట్ ఏ లో 100 ప్రశ్నలు: అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ, డెంటల్ మెటీరియల్స్ లాంటి మొదటి రెండేళ్ళ సబ్జెక్టులు. పార్ట్ బీ లో 140: క్లినికల్ సబ్జెక్టులు. జనరల్‌కు 50 పర్సెంటైల్, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 40 పర్సెంటైల్ వస్తే క్వాలిఫై అయినట్టు. అయితే క్వాలిఫై కావడం వేరు, కోరుకున్న బ్రాంచి దొరకడం వేరు. ఆర్థో, ఎండో (రూట్ కెనాల్), ప్రోస్థో (కట్టుడు పళ్ళు), ఓరల్ సర్జరీ ముందు నిండిపోతాయి. ఓరల్ పాథాలజీ, పబ్లిక్ హెల్త్ చివరి రౌండు దాకా మిగులుతాయి.

ఎయిమ్స్ ఢిల్లీ, పీజీఐ చండీగఢ్ సీట్లు మాత్రం ఐఎన్ఐ సెట్ అనే వేరే ప్రవేశ పరీక్ష ద్వారా వస్తాయి. అది ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. అక్కడా కాలేజీ పేరు అడగరు.

పాకాల_జంక్షన్
అంత తేలిగ్గా తీసేయొద్దు. మంచి ర్యాంకులు ఎక్కువగా ఏ కాలేజీల పిల్లలకు వస్తాయో చూడండి. ప్రభుత్వ కాలేజీలు, పెద్ద పేరున్న కాలేజీలే. ఊరికే వస్తాయా?

ఎండోఫైల్_25
ఊరికే రావు. ఆ కాలేజీల్లో చేరేటప్పుడే పిల్లలు నీట్ యూజీలో మంచి ర్యాంకుతో చేరతారు. పరీక్షలు రాసే అలవాటు వాళ్ళతోనే లోపలికి వెళ్తుంది. ఆ ర్యాంకులో ఎంత పిల్లది, ఎంత కాలేజీది అని విడదీయకుండా మొత్తం కాలేజీ ఖాతాలో వేస్తే లెక్క తప్పుతుంది. పైగా ఆ వాదన ప్రభుత్వ కాలేజీకి సరిపోతుంది గానీ, ఫీజు కట్టి చేరే డీమ్డ్‌కు అదే బలంతో సరిపోదు.

పాకాల_జంక్షన్
చుట్టూ చదివేవాళ్ళుంటే మనమూ చదువుతాం. ఆ వాతావరణానికి విలువ లేదంటే ఒప్పుకోను.

ఎండోఫైల్_25
విలువ ఉంది. అది, ఏడాదికి 5 చొప్పున నాలుగేళ్ళకు ఎక్కువ పడే 20 లక్షల విలువా అన్నదే ప్రశ్న. ఇప్పుడు టెస్ట్ సిరీస్‌లు, వీడియో పాఠాలు తిరుపతిలో కూర్చున్నా చెన్నైలో కూర్చున్నా ఒకటే. పోటీ ఎవరితోనో తెలియాలంటే గ్రాండ్ టెస్టులో దేశమంతటి ర్యాంకు కనిపిస్తుంది. ఒక సంగతి మాత్రం కాలేజీలో చూసుకోవాలి. ఫస్టియర్ అనాటమీ, ఫిజియాలజీ ఎవరు చెబుతారు? మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉంటే ఆ డిపార్ట్‌మెంట్ల వాళ్ళే వచ్చి చెబుతారు, డిసెక్షన్ సరిగా ఉంటుంది. పార్ట్ ఏ 100 ప్రశ్నలకు పునాది అక్కడే. ఫైనలియర్ అయ్యాక ఫార్మకాలజీ మొదటి నుంచి పట్టుకునేవాళ్ళు ఈ 100 దగ్గరే వెనకపడతారు.

సప్లీ_వద్దు
పేరు పక్కన పెట్టండి మేడం. కాలేజీని అడగాల్సిన మొదటి ప్రశ్న: పరీక్షలు టైముకు జరుగుతాయా, ఇంటర్న్‌షిప్ ఏ నెలలో అయిపోతుంది? బీడీఎస్ 4 ఏళ్ళ చదువు, 1 ఏడాది ఇంటర్న్‌షిప్. నీట్ ఎండీఎస్ రాయాలంటే నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీలోపు ఇంటర్న్‌షిప్ పూర్తి కావాలి. ఒక సబ్జెక్టు పోయి ఆడ్ బ్యాచ్‌లో (వెనకబడినవాళ్ళ విడి బ్యాచ్) పడితే ఆరు నెలలు వెనక్కి. ఆ ఆరు నెలల వల్ల కటాఫ్ తేదీ దాటితే ఏడాది మొత్తం పోతుంది. చదువులో ముందున్న పిల్లలకు కూడా ఈ దెబ్బ తగులుతుంది. ఇంటర్న్‌షిప్‌లో సెలవులు ఎక్కువ వాడినా అంతే, ఎక్స్‌టెన్షన్ వేస్తారు. కంప్లీషన్ సర్టిఫికెట్ మీద తేదీ మారిపోతుంది.

కుప్పం_బోర్డర్
ఇది నూటికి నూరుపాళ్ళు నిజం. ఈ మాట ఎవురూ ముందుగాల చెప్పరు. కాలేజీ బ్రోచర్లో బిల్డింగులు ఉంటాయి, బస్సులు ఉంటాయి, ఈ తేదీ మాత్రం యాడా ఉండదు.

కపిలతీర్థం
ఇంకొకటి ఎవరూ ఎత్తలేదు. కాలేజీ పేరు కంటే కాలేజీ ఏ రాష్ట్రంలో, ఏ ప్రాంతంలో ఉందన్నది ఎండీఎస్ సీటుకు ఎక్కువ పట్టింపు.

ప్రభుత్వ కాలేజీల ఎండీఎస్ సీట్లలో 50 శాతం ఆలిండియా కోటాకు వెళ్తాయి, వాటి కౌన్సెలింగ్ ఎంసీసీ (కేంద్రం కౌన్సెలింగ్ కమిటీ) చేస్తుంది. డీమ్డ్ సీట్లూ ఎంసీసీవే. మిగిలిన రాష్ట్ర కోటా, ప్రైవేటు కాలేజీల కన్వీనర్ సీట్లు విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం చేతిలో ఉంటాయి. అక్కడ రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 85 శాతం లోకల్, 15 శాతం అన్‌రిజర్వుడ్. మన చిత్తూరు, తిరుపతి, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు కలిసి ఎస్వీయూ ఏరియా. లోకల్ అన్నది అర్హత పరీక్షకు ముందు వరుసగా 4 ఏళ్ళు ఎక్కడ చదివారన్నదాని మీద నడుస్తుంది. బీడీఎస్‌లో చేరేటప్పుడు అర్హత పరీక్ష ఇంటర్. ఎండీఎస్‌కు వచ్చేసరికి అర్హత పరీక్ష బీడీఎస్. అంటే చెన్నైలో బీడీఎస్ చేసిన తిరుపతి అమ్మాయి ఎండీఎస్ కౌన్సెలింగ్‌కు వచ్చినప్పుడు లోకల్ లెక్క మారిపోతుంది. ఇక్కడ చదివినవాళ్ళకు ఆ చిక్కు లేదు.

2025 జనవరి 29న సుప్రీంకోర్టు పీజీ మెడికల్ సీట్లలో నివాసం ఆధారంగా రిజర్వేషన్ చెల్లదని, చదివిన సంస్థను బట్టి ఇచ్చే ప్రాధాన్యం పరిమితంగా ఉండొచ్చని చెప్పింది. అంటే గాలి ఎటు వీస్తోందో చూడండి. ఇల్లు ఎక్కడన్నది కాదు, డిగ్రీ ఎక్కడ చదివామన్నదే నిలబడుతోంది. తాజా ఎండీఎస్ ప్రాస్పెక్టస్ దించుకుని లోకల్ నిబంధన పేరా మాత్రం అక్షరం వదలకుండా చదవండి. ఆప్షన్లు పెట్టేముందే.

అలిపిరి_అమ్మ
కపిలతీర్థం గారూ, ఈ సంగతి మాకు కన్సల్టెన్సీ వాళ్ళు కూడా చెప్పలేదు. ఇంటి అడ్రస్ తిరుపతి కాబట్టి ఎప్పటికీ లోకలే అనుకుంటున్నాం.

కపిలతీర్థం
ఆధార్ అడ్రస్‌తో ఇది తేలదు మేడం. స్టడీ సర్టిఫికెట్లతో తేలుతుంది.

పాకాల_జంక్షన్
సీటు గోల సరే. చేతిపని సంగతేంటి? పేరున్న కాలేజీలో పరికరాలు ఉంటాయి, పేషెంట్లు ఉంటారు. పేషెంట్లు లేని కాలేజీలో 5 ఏళ్ళు గడిపితే పుస్తకం డాక్టరే అవుతుంది.

చిత్తూరు_చైర్‌సైడ్
ఈ పాయింటు సరైనది. కానీ పేరుకు, పేషెంట్లకు సంబంధం ఉండి తీరాలని లేదు. ర్యాంకింగుల్లో పరిశోధన పత్రాలకు పెద్ద వాటా ఉంటుంది. పేపర్లు ఎక్కువ రాసే కాలేజీ పైకి వస్తుంది. మీ అమ్మాయి చేతికి ఎన్ని దవడ పళ్ళు దొరుకుతాయో ఆ ర్యాంకు చెప్పదు. దానికి కాళ్ళకు పని చెప్పాల్సిందే.

మామూలు పనిరోజు ఉదయం తొమ్మిదిన్నర, పదకొండు మధ్య కాలేజీకి వెళ్ళండి. శనివారం వద్దు, క్యాంపు పెట్టిన రోజు అసలే వద్దు. ముందు ఓరల్ మెడిసిన్ దగ్గర నిలబడండి, కొత్త ఓపీ అంతా కేస్ షీట్ రాయించుకుని అక్కడి నుంచే మిగతా డిపార్ట్‌మెంట్లకు వెళ్తుంది. బెంచీల మీద ఉన్నవాళ్ళు నొప్పితో వచ్చినవాళ్ళా, బస్సులో తెచ్చి కూర్చోబెట్టినవాళ్ళా అన్నది పది నిమిషాల్లో తెలిసిపోతుంది. తర్వాత కన్జర్వేటివ్ డిపార్ట్‌మెంట్. వరసలో ఉన్న చైర్లలో ఎన్నింటికి లైటు వెలుగుతోంది, ఎన్నింటికి సక్షన్ లాగుతోంది చూడండి. పన్ను తొలిచే ఎయిరోటర్ తిరిగేటప్పుడు దాని బర్ (మొన) మీద నీళ్ళు పడుతున్నాయా? నీళ్ళు లేకుండా తిప్పితే పంటి లోపలి నరం వేడికి దెబ్బతింటుంది, ఆ అలవాటే పిల్లలకూ అంటుకుంటుంది. మోలార్ (దవడ పన్ను) రూట్ కెనాల్ జరుగుతున్న చైర్ దగ్గర పన్ను చుట్టూ రబ్బర్ డ్యామ్ కట్టారా, లేక దూది చుట్టలు పెట్టి కానిచ్చేస్తున్నారా? డ్యామ్ లేకపోతే లాలాజలం లోపలికి దిగుతుంది, పంటి కాలువ కడిగే హైపోక్లోరైట్ నోట్లోకి కారుతుంది, కాలువ గీకే సన్నటి ఫైలు జారితే గొంతులోకి పోతుంది. ఈ ఒక్క గుడ్డముక్క లాంటి రబ్బరు షీటు చూస్తే ఆ డిపార్ట్‌మెంట్ ఎంత క్రమశిక్షణతో నడుస్తోందో తెలుస్తుంది.

చివరగా ఇంటర్న్‌లను అడగండి, ప్రొఫెసర్లను కాదు. సొంతంగా ఎన్ని మోలార్ రూట్ కెనాల్స్ పూర్తి చేశారు? క్రౌన్ ప్రిపరేషన్లు (క్యాప్ కోసం పన్ను అరగదీయడం) ఎన్ని? చిగురు పొర (ఫ్లాప్) లేపి ఎముక తొలిచి తీసిన పళ్ళు ఎన్ని, పక్కన నిలబడి చూసినవి ఎన్ని? ఆర్‌వీజీ (డిజిటల్ ఎక్స్‌రే), అపెక్స్ లొకేటర్ (కాలువ పొడవు కొలిచేది), రోటరీ మోటారు (ఫైలు తిప్పేది) ఇంటర్న్‌ల చేతికి ఇస్తారా, పీజీల దగ్గరే తాళం వేసి ఉంటాయా?

ప్రోస్థో_పీజీ
ఆ చివరి ప్రశ్న బంగారం. పీజీలు ఉన్న కాలేజీ అంటే గొప్ప అనుకుంటారు. ప్రతి బ్రాంచిలో ఎండీఎస్ ఉన్నచోట మంచి కేసులు పీజీలకు పోతాయి, యూజీ పిల్లలకు స్కేలింగ్, ముందు పళ్ళ ఫిల్లింగులు మిగులుతాయి. పీజీలు తక్కువున్న కాలేజీలో ఇంటర్న్ చేతికి కేసు ఎక్కువ దొరికే వీలుంది, కాకపోతే పక్కన నిలబడి తప్పు దిద్దే మనిషి ఉండాలి. దిద్దే మనిషి లేకుండా 50 కేసులు చేస్తే 50 సార్లు అదే తప్పు గట్టిపడుతుంది. పైదవడ మొదటి మోలార్‌లో ఎంబీ2 అనే సన్నటి అదనపు కాలువ వదిలేయడం, ఫైలు బలవంతంగా తోసి లెడ్జ్ (కాలువ గోడలో మెట్టు) చేసుకోవడం, కొలత ఎక్స్‌రేతో సరిచూడకుండా నింపేయడం, అన్నీ ఈ జాతివే.

పాకాల_జంక్షన్
అంటే పేరున్న కాలేజీలోనే ఈ పరికరాలు, దిద్దే మనుషులు రెండూ దొరికే అవకాశం ఎక్కువ కదా? అదే నేను మొదటి నుంచి అంటున్నది.

చిత్తూరు_చైర్‌సైడ్
అవకాశం ఎక్కువే. హామీ మాత్రం లేదు. అందుకే వెళ్ళి చూడమంటున్నా. చూశాక చెన్నై కాలేజీ అన్నిట్లో మెరుగనిపిస్తే అప్పుడు డబ్బు లెక్క వేసుకోండి. చూడకుండా పేరు మీద కట్టడం దండగ.

ప్రోస్థో_పీజీ
అసలు పేరు పట్టించుకోవాల్సింది ఎండీఎస్ దగ్గర, బీడీఎస్ దగ్గర కాదు. ఆర్థో అన్నారు కాబట్టి చెబుతున్నా. ఎండీఎస్ 3 ఏళ్ళు. ఆర్థో కేసు ఒకటి నడవడానికే ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది, ఆపైన పళ్ళు వెనక్కి జరగకుండా రిటైనర్. చేరిన మొదటి ఆరు నెలల్లో కేసులు మొదలుపెట్టకపోతే వెళ్ళిపోయేలోపు సొంతంగా ముగించిన కేసు చేతిలో ఉండదు. కాబట్టి ఎండీఎస్ సీటు ఎంచుకునేటప్పుడు అడగాల్సింది: ఒక పీజీకి కొత్త కేసులు ఎన్ని ఇస్తారు, సీనియర్ వదిలేసి వెళ్ళిన కేసులు ఎన్ని అంటగడతారు, సర్జరీ డిపార్ట్‌మెంట్‌తో కలిసి దవడ ఆపరేషన్ కేసులు జరుగుతాయా, పళ్ళు లాగడానికి ఎముకలో బిగించే మినీ స్క్రూలు పీజీ చేత పెట్టిస్తారా. గైడ్ ఎవరన్నది కూడా చాలా ముఖ్యం. ఆ తర్వాత కన్సల్టెంట్‌గా క్లినిక్‌లకు తిరిగేటప్పుడు "ఫలానా చోట ఎండీఎస్" అన్న మాట డాక్టర్ల మధ్య పనిచేస్తుంది. బీడీఎస్ ఎక్కడో అప్పుడు ఎవరూ అడగరు.

ఇంకోటి. సీటు తీసుకునేముందు ఆ కాలేజీలో ఆ బ్రాంచికి గుర్తింపు వచ్చిందా, ఇంకా పర్మిషన్ స్థాయిలోనే ఉందా దేశంలో డెంటల్ కాలేజీలను నియంత్రించే సంస్థ జాబితాలో చూసుకోండి. బ్రాంచి బ్రాంచికీ విడిగా ఉంటుంది.

ఓటీ_లైట్
ఓరల్ సర్జరీకి పేరు కన్నా పక్కన ఆసుపత్రి ముఖ్యం. దవడ విరుగుళ్ళు, ముఖం గాయాలు ఎక్కడికొస్తాయి? హైవే యాక్సిడెంట్లు క్యాజువాల్టీ ఉన్న పెద్దాసుపత్రికే వస్తాయి. డెంటల్ కాలేజీ ఒక్కటే విడిగా నిలబడి ఉంటే మూడేళ్ళూ మూడో మోలార్లు తీస్తూ గడుస్తుంది. జనరల్ అనస్థీషియాతో ఓటీ వారానికి ఎన్ని రోజులు మనకు ఇస్తారన్నది అడగండి. ఆ జవాబుతో విషయం తేలిపోతుంది.

కుప్పం_బోర్డర్
అన్నా, పేరు గొప్ప ఊరు దిబ్బ అని పెద్దోళ్ళు ఇట్లాంటిదానికే అనింది.

బెంచ్‌టెస్ట్
అమెరికా గురించి ఎవరూ ముట్టుకోలేదు. రెండు వేరువేరు సంగతులు కలిసిపోతున్నాయి, విడదీస్తాను.

మొదటిది, అక్కడే డెంటల్ స్కూల్ చదివిన పిల్లలకు రెసిడెన్సీ (స్పెషలిస్టు శిక్షణ). పాత బోర్డు పరీక్ష రెండు భాగాల బదులు 2020 ఆగస్టులో ఐఎన్‌బీడీఈ అనే ఒకే పరీక్ష వచ్చింది. 500 ప్రశ్నలు, రెండు రోజులు, ఫలితం పాస్ లేదా ఫెయిల్ మాత్రమే. స్కోరుతో వేరు చేసే దారి లేదు కాబట్టి రెసిడెన్సీవాళ్ళు క్లాసు ర్యాంకు, జీపీఏ (మార్కుల సగటు), సిఫార్సు లేఖలు, ఎక్స్‌టర్న్‌షిప్ (ఆ విభాగంలో కొన్నాళ్ళు వెళ్ళి పనిచేయడం) చూస్తారు. ఓరల్ సర్జరీకి సీబీఎస్ఈ (మన స్కూలు బోర్డు కాదు) అనే పరీక్ష స్కోరు, కొన్ని బ్రాంచీలకు అడాట్ అనే మరో పరీక్ష స్కోరు. కొన్ని స్కూళ్ళు పాస్ ఫెయిల్ పద్ధతిలో నడుస్తాయి, ర్యాంకులే ఇవ్వవు. అలాంటిచోట స్కూలు పేరు, లేఖ రాసిన ప్రొఫెసర్ పేరు కొంత మోస్తాయి. అంటే అక్కడ పేరుకు పాత్ర ఉంది, కానీ మామూలు స్కూల్లో క్లాసులో మొదటి వరసలో ఉన్న విద్యార్థి పెద్ద స్కూల్లో చివర ఉన్నవాడి కన్నా నయమైన స్థితిలో ఉంటాడు.

రెండోది, ఇక్కడ బీడీఎస్ చేసి అక్కడికి వెళ్ళేవాళ్ళు. మీ పాపకు వర్తించేది ఇదే. మామూలు దారి అడ్వాన్స్‌డ్ స్టాండింగ్: 2 నుంచి 3 ఏళ్ళు చదివి అక్కడి డిగ్రీ తీసుకోవడం. దరఖాస్తు క్యాపిడ్ అనే ఉమ్మడి ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా. కావలసినవి ఐఎన్‌బీడీఈ పాస్, టోఫెల్ (ఇంగ్లిష్ పరీక్ష), ఈసీఈ అనే సంస్థ చేత మార్కుల మదింపు, లేఖలు, అనుభవం, పిలుపొస్తే ఇంటర్వ్యూ. చాలాచోట్ల బెంచ్ టెస్ట్ కూడా ఉంటుంది. టైపోడాంట్ (ప్లాస్టిక్ పళ్ళ నమూనా) మీద ఇంత టైములో అని చెప్పి క్రౌన్ ప్రిపరేషన్, క్లాస్ 2 కావిటీ (పక్క పన్ను తగిలే వైపు తొలిచే గుంత) చేయిస్తారు. పక్క పన్ను గీసుకుందా, మార్జిన్ ఒకే వెడల్పులో ఉందా, గోడల వాలు ఎక్కువైందా చూస్తారు. అక్కడ కూర్చున్నాక తిరుపతా చెన్నైయా అన్నది ఎవరికీ పట్టదు. మన దేశంలో పేరున్న రెండు మూడు సంస్థల పేర్లు అక్కడివాళ్ళు గుర్తుపట్టొచ్చు, అంతవరకే.

పట్టించుకోవాల్సింది మార్కులు. ఈసీఈ లెక్కలో ప్రతి సబ్జెక్టు మార్కూ జీపీఏగా మారుతుంది. ఫస్టియర్ బయోకెమిస్ట్రీ 50తో గట్టెక్కితే అది జీవితాంతం మోయాలి. ట్రాన్స్‌క్రిప్ట్ మన దగ్గర విజయవాడ యూనివర్సిటీ నుంచి రావాలి, కాలేజీ ఇచ్చే కాగితం సరిపోదు. దానికి ముందుగానే దరఖాస్తు పెట్టుకోవాలి. క్యాపిడ్ తెరిచిన వారంలో గుర్తొస్తే ఆ ఏడాది అయిపోయినట్టే.

పాకాల_జంక్షన్
బెంచ్‌టెస్ట్ గారూ, మార్కులంటున్నారు కదా. డీమ్డ్ యూనివర్సిటీల్లో మార్కులు ధారాళంగా పడతాయని అందరికీ తెలుసు. అప్పుడు జీపీఏ చెన్నైలోనే మెరుగు కదా?

బెంచ్‌టెస్ట్
మీ పాయింటు కాదనలేను. సొంతంగా పరీక్ష పెట్టుకునే యూనివర్సిటీలో థియరీ మార్కులు ఎక్కువ పడే అవకాశం ఉంది. అమెరికా ఖాయం అనుకున్న కుటుంబానికి అది ఒక కారణమే. కానీ ఆ దారి మొత్తం ఫీజు చాలాచోట్ల లక్ష డాలర్లు దాటుతుంది. ఇక్కడ బీడీఎస్‌కే లోన్ తీసుకుంటే అక్కడికి పూచీకత్తుగా పెట్టడానికి ఏం మిగులుతుందో చూసుకోండి. అమెరికాలో నేరుగా ఆర్థో, పెరియో (చిగుళ్ళ బ్రాంచి) రెసిడెన్సీకి విదేశీ డిగ్రీతో తీసుకునే ప్రోగ్రాములూ ఉన్నాయి. అయితే రెసిడెన్సీ అయిపోగానే ప్రతి రాష్ట్రంలో లైసెన్స్ రాదు, రాష్ట్రానికో నిబంధన. అది చూసుకోకుండా చేరితే స్పెషలిస్టు సర్టిఫికెట్ చేతిలో ఉండి కూడా కోరుకున్న ఊళ్ళో పని చేయలేరు.

పిన్‌కోడ్_517
ఇక్కడి ప్రభుత్వ ఉద్యోగాలకు కూడా మార్కులే. జిల్లా వైద్య ఆరోగ్య శాఖ కాంట్రాక్టు పోస్టుల నోటిఫికేషన్లలో మామూలుగా 100కు 75 అర్హత పరీక్ష శాతాన్ని బట్టి, 10 పాసైన తర్వాత గడిచిన ఏళ్ళకు ఏడాదికి 1 చొప్పున, మిగతా 15 వరకు అంతకుముందు చేసిన కాంట్రాక్టు సేవకు. కాలేజీ పేరుకు గడే లేదు. ఆర్మీ డెంటల్ కోర్ షార్ట్ సర్వీసుకు ఫైనలియర్‌లో 55 శాతం, నీట్ ఎండీఎస్ స్కోరు, ఇంటర్న్‌షిప్ పూర్తి. ఆ 55 ఫైనలియర్‌కే లెక్క. ఎండీఎస్ సీటు రాని ర్యాంకుతో కూడా దీనికి పిలుపొచ్చే వీలుంది, చాలామంది దరఖాస్తే పెట్టరు.

రాయలసీమ_రూట్‌కెనాల్
చుట్టాలు చెప్పిన రెండో మాటకు ఎవరూ జవాబు ఇవ్వలేదు, క్లినిక్‌కు పేషెంట్లు రారన్నది. తిరుపతిలోనో చిత్తూరులోనో పంటి నొప్పితో రాత్రంతా మేలుకున్న మనిషి బోర్డు మీద కాలేజీ పేరు వెతకడు. ఆదివారం తెరిచి ఉందా, నొప్పి లేకుండా ఇంజెక్షన్ వేస్తారా, ఎంతవుతుంది అని మాత్రమే అడుగుతాడు. వేసిన క్యాప్ మూడు నెలల్లో ఊడిందా నిలిచిందా అన్నదే వీధంతా చెప్పుకుంటారు.

ఆ 20 లక్షలు చేతిలో ఉంటే ఏమవుతుందో రాస్తాను. ధరలన్నీ సుమారు. మంచి చైర్ ఒకటి 2 నుంచి మూడున్నర లక్షలు, రెండు వేసుకోండి. గోడకు బిగించే ఎక్స్‌రే 60 నుంచి 90 వేలు, ఆర్‌వీజీ సెన్సర్ లక్షన్నర అటూ ఇటూ, పరికరాల్లో క్రిములు చంపే బీ క్లాస్ ఆటోక్లేవ్ లక్ష పైన, అపెక్స్ లొకేటర్‌తో కలిసిన ఎండో మోటారు 40 నుంచి 80 వేలు, ఆయిల్ లేని కంప్రెసర్, స్కేలర్, లైట్ క్యూర్, హ్యాండ్‌పీసులు. ఇన్వర్టర్ మరిచిపోవద్దు, కాలువ సగం శుభ్రం చేశాక కరెంటు పోతే ఇబ్బంది. హ్యాండ్‌పీసులు చైర్‌కు కనీసం మూడు ఉంచుకోండి. ఒకటి నోట్లో, ఒకటి ఆటోక్లేవ్‌లో, ఒకటి సిద్ధంగా. రెండే ఉంటే రద్దీ రోజు ఆటోక్లేవ్ సైకిల్ ఎగ్గొట్టాలనిపిస్తుంది, అది చేయకూడని పని.

కాగితాలు: రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, డీఎంహెచ్‌ఓ దగ్గర క్లినిక్ రిజిస్ట్రేషన్, కాలుష్య నియంత్రణ మండలి నుంచి బయో మెడికల్ వేస్ట్ అనుమతి, ఎక్స్‌రేకు ఏఈఆర్‌బీ (కేంద్ర అణుశక్తి నియంత్రణ బోర్డు) వారి ఈ-లోరా పోర్టల్‌లో నమోదు. చివరిది చాలామంది వదిలేస్తారు. మిషన్ కొనేటప్పుడే ఆ మోడల్‌కు ఏఈఆర్‌బీ టైప్ అప్రూవల్ ఉందా అడగాలి, లేకపోతే తర్వాత నమోదు కాదు.

పాకాల_జంక్షన్
ఒప్పుకుంటా, పేషెంటు అడగడు. కానీ కార్పొరేట్ చైన్‌లో ఉద్యోగం, టీచింగ్ పోస్టు, సీనియర్ల పరిచయాలు? పెద్ద కాలేజీ పూర్వ విద్యార్థులు దేశమంతా ఉంటారు.

ప్రోస్థో_పీజీ
టీచింగ్‌కు ఎండీఎస్ గుర్తింపు, అనుభవం, ప్రచురణలు. లెక్చరర్ నుంచి రీడర్‌కు 4 ఏళ్ళు. బీడీఎస్ కాలేజీ అందులో ఎక్కడా రాదు. పరిచయాల మాట మాత్రం మీదే సరి. కానీ తిరుపతిలో స్థిరపడాలనుకునే అమ్మాయికి పనికొచ్చే పరిచయం ఎవరిది? రాత్రి ఎనిమిదికి ఫోన్ చేస్తే విరిగిన ఫైలు ఎలా దాటించాలో చెప్పే ఎండో డాక్టరు, ఎముకలో ఇరుక్కున్న పన్ను (ఇంపాక్షన్) కేసుకు వచ్చే సర్జన్, క్యాప్ కొలత తప్పితే మళ్ళీ చేసిచ్చే ల్యాబ్. వీళ్ళంతా ఈ ఊళ్ళో చదివితే ఇక్కడే పరిచయమవుతారు.

అలిపిరి_అమ్మ
చాలా సంతోషం. సోమవారం పాపను తీసుకుని ఇక్కడి కాలేజీకి, బుధవారం చెన్నైకి వెళ్తాం, చైర్‌సైడ్ గారు చెప్పినట్టే చూస్తాం. ఒకటి అడగాలి. రెండు కౌన్సెలింగుల్లోనూ పేరు ఉంచుకోవచ్చా? ఒకచోట చేరి ఇంకోచోటికి మారే వీలుందా?

కపిలతీర్థం
రెండిట్లోనూ రిజిస్టర్ కావచ్చు. డీమ్డ్‌కు ఎంసీసీలో 2 లక్షల డిపాజిట్ కట్టాలి, తిరిగి వస్తుంది. మొదటి రౌండులో సీటు వచ్చి చేరకపోయినా పోదు. రెండో రౌండులో వచ్చి చేరకపోతే పోతుంది. అందుకని రెండో రౌండులో నిజంగా వెళ్ళే కాలేజీ మాత్రమే పెట్టండి, ఊరికే జాబితా నింపొద్దు. చివరి రౌండ్లకు వచ్చేసరికి ఒకచోట చేరి ఉన్నవాళ్ళకు మరోచోట ఇవ్వరు, జాబితాలు పంచుకుంటారు.

సప్లీ_వద్దు
ఒరిజినల్స్ సంగతి కూడా చెప్పండి. ఒక కాలేజీలో చేరగానే ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గరే ఉంటాయి. మారాలంటే రిలీవ్ అయి, కాగితాలు వెనక్కి తీసుకుని, గడువులోపు రెండోచోట ఇవ్వాలి. తిరుపతి, చెన్నై మధ్య అది ఒక్క రోజులో చేయాల్సి రావచ్చు. పైగా వెనక్కిచ్చేముందు మిగిలిన ఏళ్ళ ఫీజు కట్టమంటారేమో చేరే రోజే అడగండి, రాతపూర్వకంగా తీసుకోండి.

పిన్‌కోడ్_517
ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ, ఆదాయం, టీసీ. అన్నీ రంగు స్కాన్ చేసి ఫోన్లో ఒకటి, మెయిల్లో ఒకటి పెట్టుకోండి. స్కూలు మూతపడి ఉంటే ఆ ఏళ్ళ సర్టిఫికెట్‌కు ముందు ఎంఈవో ఆఫీసుకు వెళ్ళండి, దానికి టైము పడుతుంది.

అలిపిరి_అమ్మ
ఏడో తరగతి చదివిన స్కూలు మూతపడింది. రేపే వెళ్తాను.